నలభై లక్షల అంకెల ప్రధాన సంఖ్య

లండన్ అనగానే మన పాఠకులలో చాలామందికి ఇంగ్లండు రాజధానియే జ్ఞాపకం వస్తుంది. మేము ఉంటున్న లండన్ వేరు. ఇది కెనడా దేశంలో, ఆంటారియో రాష్ట్రపు నైరుతి భాగంలో ఉన్న నగరం. ఇక్కడ పారే నదికి కూడా థేమ్స్ అనే పేరు పెట్టుకున్నారు. ఇక్కడినుండి ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్లు పోతే జార్జియన్ అఖాతం ఒడ్డున ఓవెన్ సౌండ్ అనే చిన్న పట్టణం వస్తుంది. 2001 నవంబరు 14వ తేదీన ఆ పట్టణవాసి మైఖేల్ కామెరాన్ అనే ఇరవై యేండ్ల యువకుని కంప్యూటరు, అంతవరకు ఎవరికీ తెలియని ఒక ప్రధాన సంఖ్యను బయటపెట్టింది. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకి అదే పెద్దది.

ఆ సంఖ్యను తయారుచేసే విధానం చెప్పడం సులభమే. 1,34,66,917 రెండులను వరుసగా పెట్టి ఒకదానితో ఒకటి హెచ్చవేసి, వచ్చిన లబ్ధంలోనుండి 1 తీసివేయాలి. వ్రాయడమే కష్టం. దానిలో 40,53,946 అంకెలున్నాయి. నిద్రాహారాలు మాని సెకనుకు ఒక అంకె చొప్పున చదివితే 47వ రోజు చివరికి పూర్తి అవుతుంది. పుటకు మూడు వేల అంకెల చొప్పున అచ్చు వేస్తే 1,352 పుటల గ్రంథం.

పెద్దరికం రెండేళ్ళ ముచ్చటగానే ముగిసింది. 2003 నవంబరులో అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య దొరికింది. అందుచేత మేము వ్రాయబూనినది రికార్డును గురించి కాదు. పూర్తిగా చదవడానికే నెలన్నర పట్టే సంఖ్య ప్రధాన సంఖ్య అని అంత ధీమాగా ఎలా చెప్పగలిగారు? ఆ మాట మనం ఎవరో చెప్పారని నమ్మాలా, లేక సరిచూసుకోవడానికి దారి ఉన్నదా?

ఒకరు వ్రాసిన లెక్కను మారు మాటాడకుండా ఒప్పుకోవలసి రావడం ఎటువంటిదో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. మారిషస్ చెరకు తోటలలో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే 'డబుల్ కట్' పద్ధతి ఉండేది. నెలాఖరున ఎంత కోశారో పుస్తకంలో వ్రాసేది తోటవారు. చదువు రాని మనిషికి ఆ పుస్తకాన్ని సరిచూసుకునే దారి లేదు. గణితంలో ఆ దారి అందరికీ తెరచియుంటుంది. ఈ వ్యాసంలో మేము చూపదలచినది ఆ దారినే.

ముందు ప్రధాన సంఖ్య అంటే ఏమిటో చెప్పుకుందాము. చేతిలో 12 చెరకు ముక్కలున్నాయి. వాటిని మూడు వరుసలలో నాలుగేసి చొప్పున గాని, రెండు వరుసలలో ఆరేసి చొప్పున గాని సమంగా నాటవచ్చును. 13 ముక్కలైతే ఎన్ని విధాల ప్రయత్నించినా సమమైన వరుసలు రావు. ఒకే వరుసగా నాటవలసిందే. 13 ప్రధాన సంఖ్య. 12 సంయుక్త సంఖ్య. ఒకటితోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య అని ఆంధ్రదేశపు పాఠ్యపుస్తకాలు చెప్పే మాటకు అర్థం ఇదే. ఈ మాటలకు ఇంగ్లీషే కావాలనే భ్రమ మన పిల్లలలో ఉన్నది గాని, భాజకం, శేషం, లబ్ధం, కారణాంకం వంటి పదాలు తెలుగులో ఎప్పటినుండో ఉన్నాయి. ఈ వ్యాసానికి అవి చాలును.

చిన్న సంఖ్యను పరీక్షించడానికి పెద్ద విద్య అక్కరలేదు. మన ముత్తాతలు ఓడ దిగినప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు అని జిల్లా పేరు, ఊరి పేరు, తండ్రి పేరు వ్రాసినా, తోటలో మనిషిని గుర్తించినది ఆ నంబరే. నేటాల్‌కు 1860 నుండి 1911 వరకు వచ్చినవారు 1,52,184 మంది. అంటే ఆ నంబర్లు ఆరంకెలకు మించవు. కొన్ని కుటుంబాలలో ఆ కాగితం ఇప్పటికీ దేవుని పటాల వెనుక భద్రంగా ఉన్నది. ఇంట్లో అటువంటి నంబరు ఉంటే, అది ప్రధాన సంఖ్య అవునో కాదో పిల్లల చేత తేల్చమనవచ్చును. 2, 3, 5, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలతో మాత్రమే భాగించి చూడాలి. ఆ సంఖ్య వర్గమూలం దాటిన తరువాత చూడనక్కరలేదు. పెద్ద కారణాంకం ఒకటి ఉంటే దానికి జతగా చిన్నది కూడా ఉండి తీరాలి కదా! 1,52,184కు వర్గమూలం 390 మాత్రమే. 390 లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు 77. కనుక నేటాల్ నంబరు ఏదైనా సరే, 77 భాగహారాలతో తేలిపోతుంది. ఉదాహరణకు 1,04,729 తీసుకుంటే 66 భాగహారాలు చాలును. ఏదీ నిశ్శేషంగా పోదు. అది మొదటినుండి లెక్కిస్తే సరిగ్గా పదివేలవ ప్రధాన సంఖ్య.

ఇదే పద్ధతి కామెరాన్ సంఖ్యకు పనికిరాదు. దాని వర్గమూలానికే ఇరవై లక్షలకు పైగా అంకెలుంటాయి. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించాలంటే లోకంలోని కంప్యూటర్లన్నీ కలసి విశ్వం పుట్టినప్పటినుండి పనిచేస్తూ ఉన్నా మొదలుపెట్టినట్లు కూడా కాదు. ఎంత పెద్ద సంఖ్యనైనా పరీక్షించగల పద్ధతులు వేరే ఉన్నాయి గాని, నలభై లక్షల అంకెలకు అవి అందుకోలేవు. ఈ సంఖ్య లొంగినది దానికి ఒక ప్రత్యేకమైన రూపం ఉన్నందువల్ల. ఆ రూపం ఏమిటో చూద్దాము.

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును బియ్యపు గింజలు అడిగిన కథ మన ఇళ్ళలో చెప్పుకునేదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు. రెండు గడుల గింజలన్నీ కలిపితే 3. మూడు గడులవి 7. నాలుగు గడులవి 15. అయిదు గడులవి 31. ఎన్ని గడులైతే అన్ని రెండులను హెచ్చవేసి ఒకటి తీసివేస్తే ఆ మొత్తం వస్తుంది. అరవై నాలుగు గడులకూ కలిపి 18446744073709551615 గింజలు. చివర 5 ఉన్నది కనుక అది ప్రధాన సంఖ్య కాదని చూడగానే చెప్పవచ్చును.

కామెరాన్ సంఖ్య ఇదే కుదురుకు చెందినది. 1,34,66,917 గడుల చదరంగపు బల్ల ఉన్నదనుకుంటే దానిమీది గింజల మొత్తమే అది. ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మరాన్ మెర్సెన్ (1588–1648) పేరుమీద ఈ రకపు ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధానాలు అంటారు.

ఎన్ని గడులు తీసుకుంటే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? గడుల సంఖ్య సంయుక్తమైతే ఆశ వదులుకోవలసిందే. ఆరు గడులు తీసుకొని రెండేసి చొప్పున విడదీద్దాము. మొదటి జతలో 1, 2 కలిసి 3 గింజలు. రెండవ జతలో 4, 8 కలిసి 12. మూడవ జతలో 16, 32 కలిసి 48. ప్రతి జత మొదటి జతకు నాలుగేసి రెట్లు పెరిగినదే గనుక అన్నీ 3తో పోతాయి. మొత్తం 63 కూడా 3తో పోతుంది. ఏ సంయుక్త సంఖ్యకైనా ఇదే గతి. కాబట్టి గడుల సంఖ్య ప్రధానమై ఉండాలి. అయితే అది ఉన్నంత మాత్రాన చాలదు. పదకొండు గడుల మొత్తం 2047; అది 23ను 89తో హెచ్చవేస్తే వచ్చేది. నిజమైన చదరంగపు బల్ల మీద 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 గడుల వద్ద, అంటే తొమ్మిది చోట్ల మాత్రమే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది.

మెర్సెన్ 1644లో ఒక పట్టీ ప్రకటించాడు. 257 గడుల వరకు ఏయే చోట్ల ప్రధాన సంఖ్య వస్తుందో అందులో చెప్పాడు. ఆయన గొప్ప పండితుడు. ఐరోపా పండితులందరికీ ఉత్తరాలు వ్రాసి ఒకరి సంగతి మరొకరికి అందించిన మనిషి. ఆ గౌరవంతో ఆ పట్టీని చాలామంది చాలాకాలం అలాగే ఎత్తి వ్రాసుకున్నారు. పట్టీలో ఉన్న 67, 257 తప్పు. ఉండవలసిన 61, 89, 107 లేవు. మొత్తం పట్టీని పూర్తిగా సరిచూడడం ముగిసేసరికి 1947వ సంవత్సరం వచ్చింది. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం అది. ఒక పెద్దమనిషి మాటను తేల్చుకోవడానికి మూడు వందల మూడేళ్ళు పట్టినది!

67 గడుల సంగతి గణిత చరిత్రలో ముచ్చటైన ఘట్టం. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకాస్ 1876లోనే అది ప్రధాన సంఖ్య కాదని తేల్చాడు గాని కారణాంకాలు చూపలేకపోయాడు. 1903 అక్టోబరులో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే అమెరికన్ ఆచార్యుడు అమెరికన్ గణిత సంఘం సభలో నల్లబల్ల దగ్గరకు వెళ్ళి, ఒకవైపు 67 రెండుల లబ్ధంలోనుండి 1 తీసివేసి, మరొకవైపు 193707721ను 761838257287తో హెచ్చవేసి, రెండూ ఒకటేనని చూపి, ఒక్క మాటైనా ఆడకుండా కూర్చున్నాడని చెప్పుకుంటారు. సభ అంతా చప్పట్లు కొట్టినదట. మాటలతో పని ఏమున్నది? హెచ్చవేత వచ్చిన ఎవరైనా చూసి ఒప్పుకోవచ్చును.

ఇది ప్రధాన సంఖ్య కాదు అని చెప్పేవారికి కారణాంకాలు చూపితే చాలును. ప్రధాన సంఖ్యయే అని చెప్పాలంటే ఏమి చూపాలి? ఇక్కడే లూకాస్ ప్రతిభ ఉన్నది. 1876లోనే అతడు 127 గడుల మొత్తం ప్రధాన సంఖ్య అని తేల్చాడు. అందులో 39 అంకెలున్నాయి. తరువాత 75 ఏండ్ల వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. అమెరికా వాసి డెరిక్ హెన్రీ లేమర్ 1930లో లూకాస్ పద్ధతికి ఇప్పుడు వాడుకలో ఉన్న సులభ రూపం ఇచ్చాడు. దానిని పాఠకులు కాగితం మీద చేసి చూడాలని మా కోరిక.

4తో మొదలుపెట్టాలి. ఉన్న సంఖ్యను వర్గం చేసి 2 తీసివేయాలి. వచ్చిన దానిని పరీక్షింపవలసిన సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. గడుల సంఖ్యకు రెండు తక్కువగా అన్ని సార్లు చేయాలి. చివరికి శేషం సున్న వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు.

ఏడు గడులు, అంటే 127 తీసుకుందాము. అయిదు సార్లు చేయాలి. నాలుగు నాలుగులు 16, రెండు తీసివేస్తే 14. ఇది ఒకటవసారి. 14 వర్గం 196, రెండు తీసివేస్తే 194, 127తో భాగిస్తే శేషం 67. 67 వర్గం 4489, రెండు తీసివేస్తే 4487, శేషం 42. 42 వర్గం 1764, రెండు పోతే 1762, శేషం 111. 111 వర్గం 12321, రెండు పోతే 12319. ఇది సరిగ్గా 127కు 97 రెట్లు. శేషం సున్న. 127 ప్రధాన సంఖ్య.

పదకొండు గడుల 2047తో చేస్తే తొమ్మిది సార్లు చేయాలి. 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 అని శేషాలు వస్తాయి. చివరిది సున్న కాదు. కనుక 2047 సంయుక్త సంఖ్య. 23 గాని 89 గాని ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు. అవి ఏమిటో తెలియకుండానే, అవి ఉన్నాయని మాత్రం నిశ్చయంగా తెలిసిపోతుంది. ఇది మాకు ఎన్నిసార్లు చేసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో ఇక్కడ నిరూపించబోము. 3 వర్గమూలంతో కలిసిన సంఖ్యల హెచ్చవేత మీద ఆధారపడిన ఆ నిరూపణ, కళాశాలలో గణితం చదివినవారికి అందేదే.

కామెరాన్ సంఖ్యకు ఇదే పని 1,34,66,915 సార్లు చేయాలి. ప్రతిసారీ నలభై లక్షల అంకెల సంఖ్యను వర్గం చేయాలి. బడిలో నేర్పిన హెచ్చవేతతో అయితే ఒక్కొక్క వర్గానికి పదహారు లక్షల కోట్ల చిన్న హెచ్చవేతలు కావాలి. అంకెలను తరంగాలవలె విడదీసి మళ్ళీ కలిపే ఫూరియే పద్ధతివల్ల ఆ శ్రమ ఎన్నో వేల రెట్లు తగ్గింది. భాగహారం మాత్రం దాదాపు ఉచితంగా వస్తుంది. ఎలాగంటే, 99తో భాగించి శేషం కావాలంటే సంఖ్యను రెండేసి అంకెలుగా కత్తిరించి కూడితే చాలును. 4487ను 44, 87 అని విడదీసి కూడితే 131. మళ్ళీ 1, 31 కూడితే 32. అదే శేషం. కంప్యూటరు సంఖ్యలను ఒకట్లు, సున్నలతో వ్రాసుకుంటుంది. ఆ వ్రాతలో మన గింజల మొత్తం అన్నీ ఒకట్లే, 1,34,66,917 ఒకట్లు వరుసగా. మనకు 99 ఎటువంటిదో దానికి ఇది అటువంటిది. కత్తిరించి కూడితే సరి.

కామెరాన్ ఇందుకు ప్రత్యేకమైన యంత్రమేదీ కొనలేదు. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో ప్రారంభించిన జింప్స్ అనే సామూహిక అన్వేషణలో చేరి, తన మామూలు కంప్యూటరు ఖాళీగా ఉన్న సమయాన్ని దానికి ఇచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గడుల సంఖ్య పరీక్షకు ఇస్తారు. వేలమందికి సున్న రాలేదు, ఆయనకు వచ్చింది. అయినా వెంటనే ప్రకటించలేదు. వేరే యంత్రాల మీద, వేరే ప్రోగ్రాముతో మొదటినుండి మళ్ళీ లెక్క చేయించి, అక్కడ కూడా సున్న వచ్చిన తరువాతనే 2001 డిసెంబరులో ప్రకటించారు. ఈ నియమం మాకు అన్నిటికంటె నచ్చినది.

ఆ సంఖ్య లక్షణాలు మరికొన్ని చెప్పుకుందాము. దాని మొదటి అంకెలు 92, చివరి అంకెలు 71. చివరి అంకెలకు కంప్యూటరు అక్కరలేదు. రెండులను హెచ్చవేస్తూ పోతే చివరి రెండంకెలు ఇరవైకొకసారి తిరిగి వస్తాయి. 1,34,66,917ను 20తో భాగిస్తే శేషం 17. పదిహేడు రెండుల లబ్ధం 1,31,072. చివర 72, ఒకటి తీసివేస్తే 71. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది.

ఇంకొకటి. ఇటువంటి గింజల మొత్తానికి కారణాంకం ఉంటే, అది గడుల సంఖ్యకు రెట్టింపుతో భాగించినప్పుడు తప్పక 1 శేషం రావాలి. 23ను, 89ను 22తో భాగించి చూడండి. కోల్ చూపిన 193707721ను 134తో భాగించి చూడండి. కామెరాన్ సంఖ్యకు కారణాంకం ఉండి ఉంటే అది రెండు కోట్ల అరవై తొమ్మిది లక్షలకు పైబడినదే అయి ఉండాలి. ఈ లక్షణాన్ని పట్టుకొని, అసలు పరీక్షకు ముందే పనికిరాని గడుల సంఖ్యలను పెద్ద ఎత్తున ఏరివేస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్లే.

ఈ ప్రధాన సంఖ్యలకు పరిపూర్ణ సంఖ్యలతో వియ్యం ఉన్నది. 6కు తాను కాక ఉన్న కారణాంకాలు 1, 2, 3, కూడితే 6. 28కి 1, 2, 4, 7, 14, కూడితే 28. ఇటువంటివి పరిపూర్ణ సంఖ్యలు. గింజల మొత్తం ప్రధాన సంఖ్య అయినప్పుడు, ఆ మొత్తాన్ని చివరి గడిలోని గింజలతో హెచ్చవేస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ రెండువేల మూడు వందల ఏండ్ల క్రిందట చూపాడు. మూడు గడులకు మొత్తం 7, చివరి గడిలో 4, లబ్ధం 28. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వచ్చినవేనని పద్ధెనిమిదవ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. ఓవెన్ సౌండ్ సంఖ్యనుండి వచ్చే పరిపూర్ణ సంఖ్యకు 81,07,892 అంకెలు. దాని చివర 56 ఉంటుంది. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉన్నదా అన్న ప్రశ్న నేటికీ తేలలేదు.

ఇక్కడ మన తెలుగువాని పేరు చెప్పకుండా ముందుకు పోలేము. గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు మద్రాసులో చదివి, అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలోను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను పనిచేసి, 1963లో కెనడా పడమటి దిక్కునున్న ఎడ్మంటన్‌కు, ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వచ్చారు. 2006లో అక్కడే కాలం చేశారు. మన పూర్వీకులు దాటిన నల్లనీళ్ళు వేరు, ఆయన దాటినవి వేరు. అయినా దూరదేశంలో స్థిరపడిన తెలుగువారి చరిత్రలో రెండింటికీ చోటు ఉండాలని మా అభిప్రాయం. చదువుకొని వచ్చినవారు, కూలికి వచ్చినవారు అని రెండు పంక్తులు వేసి చూసుకోవడం మనలో కొందరికి అలవాటైనది గాని, అది మాకు సమ్మతం కాదు.

సుబ్బారావుగారు పరిపూర్ణ సంఖ్య ప్రశ్ననే కొంచెం మార్చి అడిగారు. అన్ని కారణాంకాలను కాక, కొన్నిటిని మాత్రమే కూడుదాము. కారణాంకంతో సంఖ్యను భాగించగా వచ్చిన భాగఫలానికీ, ఆ కారణాంకానికీ 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 60కి 4 పనికివస్తుంది, భాగఫలం 15తో దానికి పొత్తు లేదు కనుక. 2 పనికిరాదు, భాగఫలం 30లో కూడా 2 ఉన్నది కనుక. అలా ఏరితే 1, 3, 4, 5, 12, 15, 20 మిగులుతాయి. కూడి చూడండి, 60 వస్తుంది. ఇటువంటివాటికి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలని పేరు. సుబ్బారావుగారు ఎల్. జె. వారెన్‌తో కలిసి 1966లో కెనడా గణిత పత్రికలో వీటిని గురించి ప్రకటించారు. 6, 60, 90, 87,360 మొదటి నాలుగు. అయిదవది 146361946186458562560000, దానిని తరువాత చార్లెస్ వాల్ కనుగొన్నాడు. ఆరవది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఇవి లెక్కకు మించి ఉండవనే సుబ్బారావుగారు ఊహించారు. ఆ ఊహ నిరూపణ కాలేదు, తప్పని తేలనూ లేదు.

అసలు పరిపూర్ణ సంఖ్యలలో బేసి ఉన్నదా అన్నది రెండు వేల ఏండ్లుగా తేలలేదని చెప్పాము. ఈ కొత్త రకంలో బేసి లేదని మాత్రం నాలుగు మాటలలో తేల్చవచ్చును. తనతో సహా ఈ ఏరిన కారణాంకాల మొత్తం ఎలా వస్తుందంటే, సంఖ్యను ప్రధాన సంఖ్యల ఘాతాలుగా విడదీసి, ఒక్కొక్క ఘాతానికి 1 కలిపి, అన్నిటినీ హెచ్చవేయాలి. 60 అంటే 4, 3, 5. ఒకటి కలిపితే 5, 4, 6. లబ్ధం 120, అనగా 60కి రెట్టింపు. సంఖ్య బేసిదైతే ఘాతాలన్నీ బేసివే. ఒకటి కలిపితే అన్నీ సరివే. అటువంటివి రెండున్నా లబ్ధం 4తో పోతుంది. కాని బేసి సంఖ్యకు రెట్టింపు 4తో పోదు. కనుక ఒకే ఘాతం ఉండాలి. దానికి 1 కలిపితే రెట్టింపు కావాలి. అలా అయ్యేది 1 ఒక్కటే, అది ప్రధాన సంఖ్య ఘాతం కాదు. ప్రశ్నను కొద్దిగా జరిపితే మూసియున్న తలుపు ఎలా తెరచుకుంటుందో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

ఇక ఉపయోగం మాట. ఇటువంటి పెద్ద ప్రధాన సంఖ్య దొరికినప్పుడల్లా, బ్యాంకుల రహస్యాలు కాపాడడానికి ఇది పనికివస్తుందని పత్రికలలో వ్రాస్తూ ఉంటారు. అది సరికాదు. బ్యాంకు తాళాలలో ప్రధాన సంఖ్యలు వాడేది నిజమే గాని, వాటికి మూడు వందల అంకెలు, కొంచెం అటూ ఇటూ ఉంటాయి; ఎవరికీ తెలియనివై ఉండాలి. లోకమంతా పేరు తెలిసిన సంఖ్యతో రహస్యం ఎలా దాస్తారు? మెర్సెన్ ప్రధానాలలో నిజంగా పనికివచ్చినవి చిన్నవి. 127 గడుల సంఖ్య ప్రధానమైనందువల్ల కలిగిన సౌకర్యాన్ని, ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు 1984లో ప్రచురించిన గుప్తలేఖన పరిశోధనలో వాడుకున్నారు. 521 గడుల సంఖ్య 1952 జనవరిలో కంప్యూటరు సహాయంతో దొరికిన మొదటి మెర్సెన్ ప్రధానం. నేడు ఒక ప్రామాణిక గుప్తలేఖన పద్ధతి దానిమీద నిలిచి ఉన్నది. 19,937 గడుల సంఖ్యను ఆధారంగా చేసుకొని ఇద్దరు జపాను గణితజ్ఞులు 1998లో పాచికలు వేసినట్లు సంఖ్యలను పుట్టించే పద్ధతి ప్రకటించారు. దానిని ఎన్నో ప్రోగ్రాములలో వాడుతున్నారు.

నలభై లక్షల అంకెల వాటితో యంత్రాలను పరీక్షించవచ్చును. వారాల తరబడి సాగే లెక్కలో ఒక్క అంకె తప్పినా చివరి సున్న రాదు. ప్రధాన సంఖ్యల లెక్కలు యంత్రంలోని దోషాన్ని పట్టిన ఉదాహరణ 1994లోనే ఉన్నది. థామస్ నైస్లీ అనే అమెరికన్ ఆచార్యుడు కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ, తన భాగహారాలు సరిపోకపోవడం గమనించి, తప్పు తన లెక్కలో కాదు, ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్పులోనే ఉన్నదని తేల్చాడు. ఆ చిప్పులు మార్చి ఇవ్వడానికి కంపెనీకి 47 కోట్ల 50 లక్షల డాలర్ల ఖర్చు వచ్చింది.

2001 తరువాత మరి పదమూడు మెర్సెన్ ప్రధానాలు దొరికాయి. మధ్యలో తప్పిపోయినవి ఏవీ లేవని సరిచూసిన మీదట, ఓవెన్ సౌండ్ సంఖ్య వరుసలో 39వదని ఖాయమైనది. 52వదానిని 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన లూక్ డ్యూరంట్ కనుగొన్నాడు. గడులు 13,62,79,841, అంకెలు 4,10,24,320. మొదట ఐర్లండులోని యంత్రం మీద జాడ కనిపించింది. మరునాడు టెక్సాస్‌లోని మరొక యంత్రం మీద 4తో మొదలుపెట్టిన లూకాస్ లెక్క చివర సున్న వచ్చింది. ఇవి అనంతంగా ఉన్నాయా, ఎక్కడో ఆగిపోతాయా అన్నది ఎవరూ నిరూపించలేదు. జింప్స్‌లో చేరడానికి రుసుము లేదు, డిగ్రీ అక్కరలేదు. అడిగినవారికి ఒక గడుల సంఖ్య ఇస్తారు.